అమ్మ తలుపు తీశారు

"సార్, అమ్మ వచ్చేసింది! ఇంటికొచ్చేసింది!"

ఫోన్‌లో ఆ గొంతు నవ్వుతోందో ఏడుస్తోందో డిటెక్టివ్‌కి తెలియలేదు. ఆ అమ్మాయి తల్లి కోసమే అతను రెండు రోజులుగా కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ దర్జీ. సోమవారం మధ్యాహ్నం ఇంట్లోంచి మాయమైంది. ఆమె, ఆమె కాళ్ళ చెప్పులు తప్ప ఆ ఇంట్లోంచి గుండుసూది కూడా పోలేదు. ఇవాళ గురువారం.

"మీరు చూశారా అమ్మని?"

"లేదు సార్, నేనింకా షాపులోనే ఉన్నాను. ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మా తలుపుకి వేలిముద్ర తాళం ఉంది కదా, ఎవరు వేలు పెట్టి తీస్తే వాళ్ళ పేరు నా ఫోన్‌లో పడుతుంది. ఇప్పుడే పడింది, 'అమ్మ తలుపు తీశారు' అని. నేను బయల్దేరుతున్నా సార్!"

"వెళ్ళండి. కానీ ఒక్కరే లోపలికి అడుగు పెట్టకండి. నేను వచ్చేదాకా కిందనే ఉండండి."

అవతల ఆ సంతోషం ఒక్కసారిగా ఆగిపోయింది. "ఎందుకు సార్? మా అమ్మే కదా?"

అతను కాల్ కట్ చేశాడు. ఫోన్ జేబులో వేసుకోబోతుంటే తెర మీద ఏదో బొమ్మ కనిపించింది. బురద చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చున్న మనిషి. 'మీకు నచ్చే వీడియో' అంటోంది ఫోన్. కొన్ని వారాలుగా ఇదే వరస. పుట్టి బుద్ధెరిగాక అతను గాలం ముట్టుకున్న పాపాన పోలేదు. బొమ్మని వేలితో పక్కకి తోసేసి మెట్లు దిగాడు.

*

అతను వెళ్ళేసరికి ఇన్‌స్పెక్టరమ్మ అప్పటికే లోపల ఉంది. కూతురు ఇద్దరికీ ఫోన్ చేసింది. జీపు ఉన్నవాళ్ళు ముందు వచ్చారు.

ఇల్లు మూడో అంతస్తులో. రెండు గదులు, వంటిల్లు. మంచాల కింద చూశారు. బీరువా తెరిచి చూశారు. బాత్రూం తలుపు తోసి చూశారు. తలుపు తీసిన అమ్మ ఆ ఇంట్లో ఎక్కడా లేదు. కూతురు తల్లి కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూలబడి, చేతిలో ఫోన్ పట్టుకుని, ఆ మూడు మాటల్నే మళ్ళీ మళ్ళీ చూసుకుంటోంది.

"రండి డిటెక్టివ్ గారూ, రండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ. "పెళ్ళికొడుకులకి చెడు అలవాట్లున్నాయేమో ఆరా తీసే పనికి ఇవాళ సెలవా?"

"సోమవారం రాత్రి ఈ అమ్మాయి మీ స్టేషన్‌కి వస్తే, పెద్దవాళ్ళు అలిగి వెళ్తారు, ఆకలేస్తే వాళ్ళే వస్తారు అని పంపించేశారట. మీ సెలవు అయిపోయిందని తెలిసి చూసిపోదామని వచ్చాను."

ఆమె ముఖం గంటు పెట్టుకుంది. అతన్ని వంటింట్లోకి రమ్మని సైగ చేసి గొంతు తగ్గించింది.

"వినండి. మెషిన్‌కి మనలాగా మొహమాటాలుండవు. ఆవిడ వేలు ఇవాళ ఈ తలుపు దాకా వచ్చింది. ఆవిడ మాత్రం రాలేదు. మనిషి లేకుండా వేలు ఎలా వస్తుందో నా నోటితో చెప్పించకండి."

డిటెక్టివ్ ఆమె భుజం మీదుగా చూశాడు. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించలేదు. కుడిచేతి వేళ్ళని ఎడమచేత్తో గట్టిగా మూసి పట్టుకుని ఉంది, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.

"ఆ మాట ఇంకోసారి అనకండి," అన్నాడు డిటెక్టివ్.

"అనకపోతే జరగకుండా పోతుందా? అల్లుడి ఫోన్ ఇవాళ గంటసేపు పలకలేదు. సరిగ్గా ఈ తలుపు తెరుచుకున్న గంటే. అది నాకు చాలు."

అల్లుడు అప్పుడే రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. చలికోటు ఇంకా ఒంటి మీదే ఉంది. "కోల్డ్ స్టోరేజీలో పనండీ నాది. జానెడు మందం గోడలు. అందులోకి సిగ్నల్ కాదు, దోమ కూడా దూరదు. అత్తయ్య ఏదండీ? వచ్చిందన్నారుగా?"

అతను భార్య ముఖం చూశాడు. కోటు గుండీ విప్పబోతున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది.

*

డిటెక్టివ్ ఆ గదుల్ని ఇంతకుముందే ఒకసారి చూశాడు, మంగళవారం నాడు. అందుకే ఈసారి లేనివాటి కోసం చూడమన్నాడు.

"పొద్దున మీరు షాపుకెళ్ళేటప్పుడు ఉండి, ఇప్పుడు లేనిదేమైనా ఉందా? తొందరేం లేదు. నిదానంగా చూడండి."

కూతురు ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టి తడిమింది. పక్కన చూసింది. కింద చూసింది.

"మందుల డబ్బా," అంది. "నీలం డబ్బా. గుండె మాత్రలు. పొద్దున కూడా చూసుకుని ఏడ్చాను సార్, ఇవి లేకుండా ఎలా ఉందో అని." ఉన్నట్టుండి కుట్టుమిషను దగ్గరికి పరుగెత్తింది. "కళ్ళజోడు! ఇక్కడే ఉండేది. కుట్టుపనికి నేనే ప్రత్యేకంగా చేయించిచ్చాను. మిషను మూత మీద పెట్టి ఉండేది."

డిటెక్టివ్ ఊపిరి పీల్చుకున్నాడు. రెండు రోజుల్లో మొదటిసారి.

"మీ అమ్మ బతికే ఉంది."

"మీకెలా తెలుసు?" ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది.

"చచ్చిపోయిన మనిషికి మాత్రలెందుకు? దారం ఎక్కించే కళ్ళజోడెందుకు? ఆవిడే వచ్చి ఉంటే కూతురికి చెప్పకుండా వెళ్ళదు. ఎవరో ఆవిడ దగ్గర్నుంచి వచ్చారు. మందులు ఎక్కడున్నాయో ఆవిడ చెప్తే, విని, వచ్చి తీసుకెళ్ళారు." అతను కూతురివైపు తిరిగాడు. "తీసుకెళ్ళినవాడికి మీ అమ్మని చంపే ఉద్దేశం లేదు. అయితే భయపడినవాడు ఏం చేస్తాడో చెప్పలేం. వాణ్ణి భయపెట్టకుండా వెతకాలి. అది ఒక్కటే నా భయం."

తర్వాత అతను గుమ్మం దగ్గరికి వెళ్ళాడు.

తలుపు మీద తాళం, నల్లటి పలక. మధ్యలో వేలు పెట్టడానికి గుండ్రటి గాజు. సరిగ్గా ఇలాంటిదే అతని తండ్రి ఇంటికీ ఉంది. తనే పెట్టించాడు, ఒంటరిగా ఉండే పెద్దాయన వేళకి ఇల్లు చేరాడో లేదో ఫోన్‌లో తెలుస్తుందని. తండ్రి పోయి నెల దాటింది. పోయిన కొత్తలో, తాళంలో వేలున్న చుట్టాలు వచ్చి వెళ్తుంటే తలుపు తెరిచినప్పుడల్లా అతని ఫోన్ మోగేది. మోగినప్పుడల్లా ఒక్క క్షణం నాన్నేమో అనిపించేది. అందుకని ఆ మోత ఆపేశాడు. ఆ ఇల్లు తాళం వేసే ఉంది. 'నాన్న' అన్న పేరు ఆ తాళంలో ఇంకా ఉంది. తీసేయడానికి ఒక్క నొక్కు చాలు. చెయ్యి రాలేదు.

అతను ఆ ఆలోచనని పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని పలక అడుగుభాగం చూశాడు. గోరంత చిన్న మూత. దాన్ని జరిపితే లోపల మామూలు తాళంచెవి కన్నం. కరెంటు, బ్యాటరీ లేని రోజున వాడుకోవడానికి పెట్టింది. కన్నం చుట్టూ లోహం మీద తెల్లటి గీతలు, కొత్తవి, లెక్కలేనన్ని.

"ఈ కన్నం ఎవరు వాడతారు?"

"ఎవరూ వాడరు సార్. తాళంచెవులు రెండూ తాళం వచ్చిన డబ్బాలోనే ఉన్నాయి."

డబ్బా తీసి చూస్తే ఒకటే చెవి ఉంది.

డిటెక్టివ్ కుట్టుమిషను పక్కనున్న మేకువైపు చూశాడు. "మీ అమ్మ కొలతల టేపు ఎక్కడ?"

"మెడలోనే ఉంటుంది ఎప్పుడూ. నిద్రపోయేటప్పుడు తప్ప తీయదు. చివర ఏదో ముడేసుకునేది ఈ మధ్య. ఏంటమ్మా అంటే బరువు కోసం అనేది..." ఆమె ఆగిపోయింది.

"ఇంకో ప్రశ్న. మీ అమ్మ ఫోన్ వేలితో తెరుచుకుంటుందా?"

"లేదు సార్. యాభై ఏళ్ళు సూదీ దారం పట్టుకున్న వేళ్ళు. గాజులా నున్నగా అయిపోయాయి. సిమ్ కొనడానికి వెళ్తే అక్కడి మెషినూ తీసుకోలేదు. నంబరు కొట్టే తెరుస్తుంది."

"మరి ఈ తాళం మాత్రం ఎలా తీసుకుంది?"

కూతురు భర్తవైపు తిరిగింది.

"బిగించిన రోజు మేం పనికి వెళ్ళాం సార్," అన్నాడు అల్లుడు నెమ్మదిగా. "ఇంట్లో అత్తయ్య, ఆ మెకానిక్ ఉన్నారు. మా ఇద్దరి వేళ్ళూ పొద్దునే తీసుకున్నాడు. సాయంత్రం వచ్చి అడిగితే 'ఆఁ, నాదీ అయిపోయింది' అంది అత్తయ్య. ముసలిదాన్నయ్యానని మెషిన్ కూడా చెప్పాలా అని ఆవిడకి రోషం. అందుకే చెప్పి ఉండదు."

"అయితే 'అమ్మ తలుపు తీశారు' అని ఫోన్‌కి ఎప్పటి నుంచి వస్తోంది?"

కూతురు ఫోన్‌లో పాత మెసేజ్‌లు పైకి జరిపింది.

"మొదట్లో వచ్చేది కాదు. రోజూ మధ్యాహ్నం నడకకి వెళ్ళమన్నాడు డాక్టరు. ఫోన్‌కి రావట్లేదని, నువ్వు నడక మానేశావని గొడవపడ్డాను. 'రోజూ వెళ్తున్నానే తల్లీ, పార్కులో అడుగు నన్ను చూశారో లేదో' అంది. నేను నమ్మలేదు. తర్వాత మూడు నెలల నుంచి రావడం మొదలైంది, వారానికి రెండుసార్లో మూడుసార్లో. నా మాట విన్నదనుకున్నాను. షాపులో ఆ మెసేజ్ చూసుకుని..." ఆమె ఫోన్‌ని బోర్లించి మిషను మీద పెట్టేసింది. "ఎంత నెమ్మదిగా ఉండేదో సార్ ప్రాణానికి. అమ్మ ఇల్లు చేరింది అనుకునేదాన్ని."

"మీ అమ్మ నడక ఎప్పుడూ మానలేదు. చెవితో తీసుకుని వచ్చేది, చెవితో తీస్తే ఫోన్‌కి పేరు రాదు. మూడు నెలలుగా మీరు చూసుకుని నెమ్మదించింది వేరే ఎవరి రాకనో."

అల్లుడు ఎందుకో వెనక్కి తిరిగి ముందుగదిని మొత్తం ఒకసారి చూశాడు. ఆ సోఫాలో తను రోజూ కూర్చుంటాడు.

"ఏం చేసేవాడు ఇక్కడ? ఒక్క వస్తువు పోలేదే," అన్నాడు.

"పోలేదంటే ఇక్కడే వాడుకుని ఉంటాడు," అంటూ డిటెక్టివ్ టీవీ పెట్టించాడు. తెర వెలిగి, చూడదగ్గ వీడియోలంటూ వరసగా బొమ్మలు పరిచింది. గాలం. చెరువు. బుట్టలో ఎగురుతున్న చేప. మళ్ళీ గాలం.

"చేపల పిచ్చి ఎవరికి?"

"ఈయనకే," అంది కూతురు.

"నాకా? నేను నువ్వనుకున్నా! నెల్లాళ్ళ కిందట నిన్ను ఆటపట్టించాను కూడా, చేపల చెరువు కొందామా అని."

"మీరు అమాయకంగా ముఖం పెట్టి నటిస్తున్నారనుకున్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఒకళ్ళని ఒకళ్ళు అనుకుని నవ్వుకుని వదిలేసిన ఆ బొమ్మల వెనక మూడో మనిషి ఉన్నాడు. వీళ్ళు పనికి పోయిన మధ్యాహ్నాల్లో, ఆ పెద్దావిడ పార్కులో ఉన్న గంటన్నరలో, ఆ సోఫాలో కాళ్ళు చాపుకుని, ఈ ఇల్లు తనదే అన్నట్టు కూర్చున్నవాడు. సోమవారం నాడు వాన పడింది. ఆవిడ నడక మధ్యలో మానుకుని తిరిగొచ్చి వాణ్ణి చూసి ఉంటుంది.

కూతురు సోఫా పక్క నుంచి రెండడుగులు దూరం జరిగింది.

ఆ బొమ్మల్ని చూస్తుంటే డిటెక్టివ్ మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టైంది. ఏమిటది? ఎక్కడో చూశాడు దీన్ని. గుర్తు తెచ్చుకునేలోపే తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

*

తాళాల కంపెనీ మెకానిక్. నడివయసు మనిషి, భుజాన బరువైన సంచీ. ఇన్‌స్పెక్టరమ్మ కబురు పెడితే వచ్చాడు.

"తాళంలో ఏ లోపమూ లేదు సార్," అన్నాడు వస్తూనే.

"ఉందని ఎవరన్నారు?" అన్నాడు డిటెక్టివ్. "ఇది బిగించింది మీరేనా?"

"కాదు సార్, గురువుగారు. మాకందరికీ పని నేర్పినాయన. అందుకే గురువుగారంటాం. ఇప్పుడు కంపెనీలో లేడు. మూడు నెలలైంది తీసేసి."

"మూడు నెలలు," అంది కూతురు, గాలి వదిలినట్టు.

"ఎందుకు తీసేశారు?"

"ఒక ఇంట్లో పని అయిపోయాక వెళ్ళలేదట సార్. ఇంటివాళ్ళు వచ్చేసరికి వాళ్ళ టీవీ ముందు నిద్రపోతున్నాడట. పెళ్ళాం వెళ్ళిపోయింది, ఉన్న గదీ ఖాళీ చేయించారు. మెత్తని మనిషి సార్. ఎవరింటికెళ్ళినా అక్కా, అమ్మా అని కలిసిపోతాడు."

"అమ్మ కూడా 'ఆ తమ్ముడు భలే ఓపిక' అనేది," అంది కూతురు.

"ఆవిడ వేళ్ళు ఏ మెషినూ తీసుకోదు," అన్నాడు డిటెక్టివ్. " ఈ తాళంలో 'అమ్మ' పేరు మీద ఉన్న వేలు ఎవరిది?"

మెకానిక్ మెడ తుడుచుకున్నాడు. "కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా అమ్మా?"

"చెప్పాక తాగుదురు గాని."

"సార్... ఇంట్లో ఎన్ని పేర్లు రాసుకున్నామో అన్ని వేళ్ళూ ఎక్కాలి. అన్నీ ఎక్కితేనే మా ఫోన్‌లో పచ్చలైటు వెలుగుతుంది. అది వెలగందే మమ్మల్ని ఇంకో ఇంటికి పంపరు. పెద్దవాళ్ళ వేళ్ళు ఒక పట్టాన ఎక్కవు. పెట్టించి పెట్టించి వాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, మేం విసుక్కుంటాం. అందుకని..."

"అందుకని?"

"మా వేలే పెట్టేస్తాం సార్. పెద్దవాళ్ళ చేతికి చెవి ఇచ్చేస్తాం. 'ఇది దగ్గరుంచుకో పెద్దమ్మా, నీ వేలు పనిచేయలేదని పిల్లలకి చెప్పకులే' అంటాం. వాళ్ళూ సంతోషిస్తారు. తీరిక దొరికినప్పుడు వచ్చి సరిచేద్దాం అనుకుంటాం. ఆ తీరిక ఎప్పుడొచ్చింది గనుక."

"అందరూ చేస్తారా ఇలా?"

"నేర్పించిందే ఆయన సార్."

"మీ వేలు ఊళ్ళో ఎన్ని తలుపులు తెరుస్తుంది?"

అతను తన బొటనవేలివైపు చూసుకున్నాడు, మొదటిసారి చూస్తున్నట్టు. "అమ్మలు, నాన్నలు, తాతయ్యలు... లెక్కపెట్టుకోలేదు సార్."

"ఈ తలుపు మీద పెట్టు," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

అతను బయటికెళ్ళి గాజు మీద వేలు పెట్టాడు. తాళం తెరుచుకోలేదు. లోపలివాళ్ళందరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"ఒక వేలు తీసేయడానికి ఎంతసేపు పడుతుంది?"

"క్షణం పని మేడమ్. చూపిస్తానుండండి." తన తప్పుని కాస్త కడుక్కునే అవకాశం దొరికినట్టు అతను చకచకా ఫోన్ తీసి, తన వేలిని 'పరీక్ష' అన్న పేరుతో ఎక్కించి, వెంటనే తీసేశాడు.

తాళంలోంచి ఒక ఆడగొంతు ఇల్లు అదిరిపోయేలా అరిచింది. "పరీక్ష. పేరు తొలగించబడింది."

కూతురు ఉలిక్కిపడి భర్త చెయ్యి పట్టుకుంది.

"అంత గట్టిగా ఎందుకు?" డిటెక్టివ్ అడిగాడు.

"ఇంట్లోవాళ్ళకి తెలియకుండా ఎవరూ పేర్లు మార్చకూడదని సార్. ఆఫీసులోంచి తీసినా ఇలాగే అరుస్తుంది. ఒకే వేలు వంద తాళాల్లో ఉన్నా ఆఫీసులో ఒక్కసారి నొక్కితే అన్నిట్లోంచీ పోతుంది."

ఇన్‌స్పెక్టరమ్మ అప్పటికే ఫోన్ తీసి ఆఫీసు నంబరు కలిపింది. రెండు నిమిషాలు గట్టిగా మాట్లాడింది. డిటెక్టివ్ ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఏమంటున్నారు?"

"ఆ వేలున్న ఇళ్ళ చిరునామాలు ఇవ్వాలంటే కోర్టు నుంచి కాగితం తెమ్మంటున్నారు. తీసేయడానికి మాత్రం కాగితం అక్కర్లేదట. వాళ్ళ తప్పు తుడుచుకోవడానికి తొందర ఉంటుందిగా. తీసేయమంటున్నాను."

"వద్దు."

"ఏం?"

"వాడికి ఇల్లు లేదు. ఆవిణ్ణి ఎక్కడ దాచి ఉంటాడు? ఆ వేలితో తెరుచుకునే ఏదో ఖాళీ ఇంట్లో. ఆ వేలు ఒక్కటే మనల్ని అక్కడికి తీసుకెళ్ళే దారి. కాగితం తెప్పించండి, చిరునామాలు తీసుకుందాం, చప్పుడు చేయకుండా వెళ్దాం. ఇప్పుడు తీసేస్తే వాడు కూర్చున్న గదిలో ఆ తాళం ఇలాగే అరుస్తుంది. మనకి తెలిసిపోయిందని వాడికి మనమే దండోరా వేసి చెప్పినట్టు."

"కాగితం రేపటికి గాని రాదు. ఈ రాత్రి వాడు ఇంకో ఇంట్లో దూరితే? అక్కడ ఇంకో ముసలమ్మ ఒంటరిగా ఉంటే? పొద్దున ఆవిడ శవం దగ్గర ఎవరు నిలబడతారు, మీరా నేనా?"

అది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదని అతనికీ తెలుసు. "అరగంట," అన్నాడు. "అరగంట ఇవ్వండి. ఆలోచించనివ్వండి."

"మేడమ్," అంది కూతురు. రెండు చేతులూ జోడించింది. "మా అమ్మ గుండె మంచిది కాదు మేడమ్. వాడు భయపడితే..."

ఇన్‌స్పెక్టరమ్మ ఆ చేతులవైపు చూసింది. ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత ముఖం పక్కకి తిప్పుకుని ఫోన్‌లో అంది, "తీసేయండి. అన్ని తలుపుల్లోంచీ. ఇప్పుడే."

తాళం అరిచింది. "అమ్మ. పేరు తొలగించబడింది."

కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఊళ్ళో ఇంకెన్ని ఇళ్ళల్లో ఇదే గొంతు ఇదే సమయాన అరుస్తోందో, ఎందరు పెద్దవాళ్ళు ఉలిక్కిపడి గుమ్మంవైపు చూస్తున్నారో.

అప్పుడే డిటెక్టివ్ జేబులో ఫోన్ మోగింది.

అతను మోత ఆపింది తలుపు తీసిన మెసేజ్‌లకే. ఇది వేరే మోత. తీసి చూశాడు.

'నాన్న పేరు తొలగించబడింది.'

చదివాడు. అర్థం కాలేదు. నెల రోజులుగా తను చేయలేకపోయిన పని ఎవరో చేసేశారు అన్న బాధ ఒక్కటే ముందు తగిలింది. తర్వాత అర్థమైంది.

నాన్న అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. నలభై ఏళ్ళు సీసపు అక్షరాలు ఏరి ఏరి నున్నబడిన వేళ్ళు. కొత్త తాళం ఉన్నా ఎప్పుడూ చెవితోనే తలుపు తీసేవాడు. అది మొండితనం అని డిటెక్టివ్ అనుకున్నాడు.

అతను ఆ తాళం పేజీ తెరిచాడు. నెల నుంచి తెరవలేదు. 'నాన్న తలుపు తీశారు.' సోమవారం సాయంత్రం. 'నాన్న తలుపు తీశారు.' నిన్న. 'నాన్న తలుపు తీశారు.' ఇవాళ, ఇక్కడ 'అమ్మ' తలుపు తీసిన కాసేపటికి. అంతకుముందు మరో అరడజను, ఖాళీ ఇంట్లో, పోయిన మనిషి పేరు మీద.

గాలం. చెరువు. ముల్లు ఎక్కడ గుచ్చుకుందో ఇప్పుడు తెలిసింది. నాన్న టీవీలో వీడియోలు వచ్చేది తన ఖాతా మీదే.

వీడియోల పేజీ నొక్కాడు. పైన సన్నటి అక్షరాలు. 'ఈ ఖాతాలో మరో తెర మీద వీడియో నడుస్తోంది.' కింద దాని పేరు ఉంది. చేపల వీడియో కాదు. 'చొక్కాకి కాలరు కత్తిరించే పద్ధతి.' దాని కింద ఎర్రటి గీత, మెల్లగా కుడివైపుకి పాకుతోంది.

"ఏమైంది సార్?" అంది కూతురు.

"మీ అమ్మ కళ్ళజోడు పెట్టుకుని టీవీ చూస్తోంది," అన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మవైపు తిరిగాడు. "జీపు తీయండి. మా నాన్న ఇల్లు. పది నిమిషాల దారి."

"మీ నాన్నగారి ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరూ లేరు. నాన్న పోయి నెలైంది."

ఆమెకి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆమె ముఖంలోని ఎత్తిపొడుపంతా ఎటు పోయిందో, అతని కంటే ముందే మెట్లు దిగుతోంది. వెనక కూతురు, అల్లుడు పరుగెత్తుతున్న చప్పుడు. అతను రెండేసి మెట్లు దూకుతూ కూడా తెర మీంచి కళ్ళు తిప్పలేదు. ఎర్రగీత పాకుతూనే ఉంది. టీవీ మోతలో తాళం అరిచింది వాడికి వినపడలేదేమో. వాడు నిద్రపోతున్నాడేమో. టీవీ ముందు నిద్రపోయే అలవాటున్న మనిషే కదా. పాకు. ఇంకొంచెం పాకు. పది నిమిషాలు చాలు.

జీపు కదిలింది. వెనకసీట్లోంచి కూతురు ముందుకి వంగి, అతని చేతిలోని తెరని చూస్తోంది. ఆమె ఊపిరి అతని చెవికి తగులుతోంది.

మొదటి మలుపు తిరిగారు.

ఎర్రగీత ఆగిపోయింది.

మళ్ళీ కదులుతుందేమోనని ఇద్దరూ చూశారు. పైనున్న అక్షరాలు ఒకసారి చెరిగి, కొత్తవి వచ్చాయి.

'ఇప్పుడు ఏ తెర మీదా వీడియో నడవడం లేదు.'